పంది కూరను మసాలా కింద దాచకండి



మన నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు పల్లెల్లో పంది మాంసం ముట్టని విశ్వాసులు ఉన్నారు. వాళ్లకు నచ్చదు కాబట్టి తినరు. వాళ్లతో నాకు పేచీ లేదు. ఈ మాటలు తింటూ కూడా తినమని చెప్పుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

పంది మాంసం తెచ్చిన రోజు మన ఇళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ముందు కిటికీ మూస్తారు. కోడికూరకు వేసేదానికి రెండింతలు చెక్కా లవంగాలూ దంచి కుమ్మరిస్తారు. పక్కింటికి వాసన పోకూడదని ఆ తాపత్రయం. ఎవరైనా అడిగితే మటన్ అంటారు. ఆ అబద్ధం ఆడిన నోటితోనే మరునాడు ప్రభువు బల్ల దగ్గరికి వస్తారు.

ఎందుకు దాస్తారంటే లేవీయకాండము 11వ అధ్యాయం చూపిస్తారు. మంచిదే, పూర్తిగా చదువుదాం. రెక్కలు, పొలుసులు లేని జలచరాలన్నిటినీ అదే అధ్యాయం నిషేధించింది. ఆ లెక్కన రొయ్య పోవాలి, పీత పోవాలి, వాలుగ చేప పులుసూ పోవాలి. ఏ ప్రేమవిందులోనైనా రొయ్యల కూర గిన్నెను వెనక్కి పంపామా? ఆహారం మనిషిని అపవిత్రం చేయదని ప్రభువు చెప్పిన సంగతి మార్కు 7లో ఉంది. కాబట్టి మన భయానికి కారణం ధర్మశాస్త్రం కాదు, కులం.

పందుల్ని మేపింది ఎవరు? మన ప్రాంతంలో ఎక్కువగా ఎరుకలవారు. గంపలు అల్లి, పందులు పెంచి బతికిన జనం. బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, ఎరుకలవారిని పుట్టుకతోనే దొంగలన్నది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఆ కాలంలో పుట్టిందే. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, అంటే మన క్రైస్తవులే. ఆ చట్టం 1952లో రద్దయింది. ఎరుకలవారి ఇంట్లో మంచినీళ్లు తాగడానికి మాత్రం మనలో కొందరు ఇంకా వెనకాడుతున్నారు. పంది మాంసం అంటే మనం సిగ్గుపడేది ఆ ఇంటివాళ్లను చూసి.

పేతురు చూసిన దుప్పటి దర్శనం మనకు కంఠస్థమే. అయితే ఆ దర్శనానికి పేతురు చెప్పుకున్న అర్థం అపొస్తలుల కార్యములు 10:28లో ఉంది, చదవండి. ఏ మనిషినీ నిషేధింపబడినవాడని, అపవిత్రుడని అనకూడదని దేవుడు తనకు చూపించాడన్నాడు. మాంసం గురించి మొదలైన మాట మనుషుల దగ్గర తేలింది. అదే పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటూ, యాకోబు దగ్గరినుంచి కొందరు రాగానే మెల్లగా పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ గద్దించాడు (గలతీ 2). బంధువులు గుమ్మంలోకి రాగానే పంది కూర గిన్నె అటక మీదికి ఎక్కించే మనం ఆ అధ్యాయంలో ఎవరి పక్కన నిలబడ్డామో చూసుకోవాలి.

బలహీనులను అభ్యంతరపరచవద్దు కదా అంటారు. రోమా 14 నాకూ ఇష్టమైన అధ్యాయమే. తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని కూడా అక్కడే ఉంది. మన సంఘాల్లో నిజంగా మనసు నొచ్చుకునేది ఎవరు? ప్రేమవిందుకు తెచ్చిన డబ్బాను ఎవరూ మూత తీయకపోతే అలాగే ఇంటికి పట్టుకుపోయే చెల్లెలు. ఆ వాక్యం ఆమె కోసం ఎందుకు చదవం? పక్కింట్లో ముస్లిం కుటుంబం ఉంటే వాళ్ల గుమ్మం ముందు పొయ్యి పెట్టమని నేను చెప్పను. అది ఇరుగుపొరుగు మర్యాద. మటన్ అని బొంకడం వేరు.

ఇంకో నష్టం చెబుతాను. వంటింట్లోంచి గెంటేసిన మాంసం తోటలోకి పోయింది. మగవాళ్లు మామిడి చెట్ల కింద మందు సీసాతో కలిపి తింటున్నారు. భార్యాపిల్లలకు ముక్క లేదు, మగవాడికి మత్తు. పంది మాంసం తినేవాళ్లంతా తాగుబోతులని పేరు కూడా అలాగే వచ్చింది.

పురుగులు తలకెక్కుతాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. కొంత నిజం, చాలా పొరపాటు. పచ్చిగా, సగం ఉడికించి తింటే కడుపులో బద్దె పురుగు పెరగవచ్చు. మెదడులో తిత్తులు కట్టేది మాత్రం ఆ పురుగు గుడ్ల వల్ల. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలంలోంచి నీళ్లలోకి, కూరగాయల మీదికి, కడగని చేతుల్లోకి చేరతాయి. శాకాహారికైనా ఆ జబ్బు వస్తుంది. మరుగుదొడ్డి, సబ్బు, బాగా ఉడకడం, ఇవీ మందులు. మాంసంలో బియ్యపు గింజల్లాంటి తెల్లని తిత్తులు కనిపిస్తే కొనకండి.

ఇక వంట. కొవ్వు పొరతో ఉన్న జబ్బ ముక్క ఒక కిలో, కోయకుండా తీసుకోండి. మూడు టీస్పూన్ల ఉప్పు, ఒక స్పూను దంచిన మిరియాలు, పది వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు పసుపు పట్టించి గంటసేపు ఉంచండి. మసాలా వద్దు, నూనె అక్కర్లేదు. మందపాటి గిన్నెలో కొవ్వు వైపు కిందికి పెట్టి, ఒక గ్లాసు నీళ్లు పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద గంటన్నర ఉడకనివ్వండి. నీళ్లు ఇంకాక దాని కొవ్వులోనే తిప్పుతూ ఎర్రగా వేపండి. మధ్యలో కోసి చూస్తే ఎరుపు ఉండకూడదు, నీరు తేటగా రావాలి. పది నిమిషాలు ఆగి పలచగా కోయండి. ఈ రోజుల్లో పచ్చి మామిడికాయ దొరుకుతుంది కదా, తురిమి ఉప్పు కలిపి పక్కన పెట్టుకుంటే ఆ కొవ్వుకు సరిపోతుంది. కిటికీ తెరిచే ఉంచండి.

వచ్చే ప్రేమవిందులో కోడికూర ఒక గిన్నె, పంది మాంసం ఒక గిన్నె ఉంటాయి. ఏది ఏమిటో రాసి పెడతాము. తిననివారిని ఎవరూ బలవంతపెట్టరు. వంటకు ఎరుకల కుటుంబం, మిగతా కుటుంబాలు కలిసి ఒకే పొయ్యి దగ్గర నిలబడతారు. అందరికీ ఒకటే వరుస, ఒకటే నీళ్ల బిందె. సాయం చేయగలవారు ఉదయం ఆరాధనకు ముందే రండి, వెల్లుల్లి వలవాలి.