చెరువు నిండినా బాతులు దిగవేమి?

పాపన్నపేట: చలి ముదిరేసరికి మంజీర తీరాన, చుట్టుపట్ల చెరువుల్లో వలస పక్షులు దిగడం ఏటా ఉన్నదే. సూదితోక బాతులు, జంటలుగా తిరిగే చక్రవాకాలు, తలపై రెండు నల్లపట్టీలున్న పెద్దబాతులు వీటిలో చెప్పుకోదగినవి. ఈ పట్టీల బాతులు టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలను చేసి, హిమాలయాలు దాటి వస్తాయి. మెదక్–ఎల్లారెడ్డి దారిలోని పోచారం చెరువు వీటికి పేరుపడ్డ విడిది.

చెరువు నిండితే పక్షులు వస్తాయి, ఎండితే రావు అనుకోవడం కద్దు. ఇది సగమే నిజం. సూదితోక బాతు లోతుకు మునిగి మేసేది కాదు. తల ముంచి, తోక పైకెత్తి అందినంత మేరకు నాచు, గింజలు తింటుంది. ఉల్లంకి పిట్టలకు బురద అంచున పురుగులు కావాలి. నీరు కట్టను ఒరుసుకుని నిలిస్తే వీటికి మేత దొరకదు. నీరు మెల్లమెల్లగా దిగుతూ శిఖం బయటపడే చెరువే వీటికి అన్నపుకుండ. ఆ శిఖం కాస్తా దున్నకంలో కలిసిపోతే, చెరువు ఎంత నిండినా బాతులకు ఒకటే.

ఏటి సంగతి వేరు. 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నుంచి మహబూబ్ నహర్, ఫతేనహర్ కాలువలు యాసంగిలో పారాలంటే ఎగువన సింగూరు తలుపులు తెరవాలి. నీరు వదిలితే ఏడుపాయల దగ్గరి ఇసుక తిన్నెలు మునుగుతాయి, ఆపితే తేలుతాయి. 2019 వేసవిలో సింగూరే అడుగంటింది. మరుసటి ఏడు వానలకు మళ్లీ నిండింది. కనుక ఒకచోట బాతులు కానరానంత మాత్రాన జాతి తరిగిపోయిందనడం తొందరపాటే. అవి పోచారానికో, సింగూరు దిగువనున్న మంజీర అభయారణ్యానికో మళ్లి ఉండవచ్చు. 1987 నుంచి ఆసియా దేశాల్లో నీటిపక్షులను ఏటా జనవరిలో లెక్కిస్తున్నది ఇందుకే. నాలుగు చోట్ల, నాలుగేళ్లు చూస్తేనే హెచ్చుతగ్గులు తెలుస్తాయి.

రైతు గోడు కూడా కొట్టిపారేసేది కాదు. పట్టీల బాతులు రాత్రిపూట లేత పైరు మేస్తాయి. గులాబీ గోరువంకలు జొన్నచేలపై మబ్బులా వాలుతాయి (మిడతలను తినేదీ అవే). అయినా విషం కలిపిన గింజలు చల్లడం మందు కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరమన్న మాట అటుంచి, ఆ గింజలు కోళ్లకూ అందుతాయి, చచ్చిన పిట్టను కుక్క తింటుంది. పైరు లేతగా ఉన్న కొద్ది వారాలు మంచె కాపలా, డబ్బా మోత చాలు.

శివరాత్రి జాతర వేళకు పక్షులు తిరుగుముఖం పడతాయి. శిఖానికి హద్దురాళ్లు పాతించుకోవాలంటే గ్రామాలకు అనువైన కాలం ఆ వెనుక వచ్చే ఎండాకాలమే, నీళ్లు తగ్గి నేల కనబడేటప్పుడు.