పాత రివాల్వరు, నకలు తుపాకీ: గీత గీయవలసిన వేళ

న్యూఢిల్లీ: జనపథ్‌లోని జాతీయ మ్యూజియం ఆయుధశాలలో అద్దాల వెనుక ఉన్న పాత తుపాకులను చూసి సందర్శకులు ముచ్చటపడతారు. అదే కాలానికి చెందిన రివాల్వరు ఒకటి రాజధానిలోని ఏ పాత ఇంటి పెట్టెలోనో బయటపడితే, అది చారిత్రక వస్తువా, మారణాయుధమా అన్న ప్రశ్నకు జవాబు పోలీస్ స్టేషనులో వెతుక్కోవలసి వస్తుంది. మరోవైపు సినిమా కోసం కొయ్యతోనో, రబ్బరుతోనో, తేలికపాటి లోహంతోనో చేసిన నకలు తుపాకీ దొంగ చేతికి చిక్కితే అసలు తుపాకీ చేసే పనిలో సగం అదీ చేసేస్తోంది. మొదటిది పేలగలిగినా ఎవరినీ భయపెట్టక పెట్టెలో పడి ఉంటుంది. రెండవది పేలలేకపోయినా నడివీధిలో భయపెడుతుంది. ఈ రెండింటినీ పనిచేసే మారణాయుధం నుంచి స్పష్టంగా వేరుచేసే గీత మన విధానంలో ఇంకా సరిగా పడకపోవడమే నేటి సమస్య.

ఆయుధ చట్టానికి మన దేశంలో చేదు చరిత్ర ఉన్న సంగతి విదితమే. 1857 మే 10న మీరట్‌లో రాజుకున్న తిరుగుబాటుకు ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలు తక్షణ కారణమయ్యాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు, 1878లో, వైస్రాయి లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. జాతిని నిరాయుధం చేసిన చట్టంగా జాతీయోద్యమ నాయకులు దానిని దుయ్యబట్టారు. స్వాతంత్ర్యానంతరం దాని స్థానంలో తెచ్చిన 1959 నాటి చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. జాతి వివక్ష తొలగింది గాని, లైసెన్సు మూలసూత్రం మాత్రం అలాగే నిలిచింది. అది నిలవడం సబబే. తుపాకీ కలిగి ఉండడం పౌరుని హక్కుగా కాక, ప్రభుత్వం షరతులతో ఇచ్చే అనుమతిగా భావించే దేశం మనది. అమెరికాలోని పరిస్థితి చూసినవారెవరూ దీనిని తప్పుపట్టరు.

అయితే సూత్రం సరైనంత మాత్రాన అందులోని ప్రతి నిబంధనా సరైనది కాజాలదు. అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్ 1836లో పేటెంటు పొందిన తిరుగుడు గదుల తుపాకీ పందొమ్మిదవ శతాబ్దపు యంత్ర నైపుణ్యానికి ఒక మైలురాయి. 1851లో లండన్ మహా ప్రదర్శనలో కోల్ట్‌కు పోటీగా ఇంగ్లండుకు చెందిన ఆడమ్స్ రివాల్వరు నిలిచింది. 1887లో వెబ్లీ రివాల్వరు బ్రిటిష్ సైన్యానికి అధికారిక ఆయుధమైంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, దాని ఆరవ నమూనా వచ్చింది. ఇవన్నీ సైనికాధికారుల ద్వారా, సంస్థానాల ద్వారా, జమీందారీల ద్వారా ఈ దేశానికి చేరాయి. నేడు వాటిని సేకరించేవారికి కావలసింది తూటా కాదు. ఏ కర్మాగారంలో ఏ సంవత్సరంలో తయారయింది, పిడి మీద ఎవరి ముద్ర ఉంది, ఏ రెజిమెంటు చేతులు మారింది అన్న వివరాలే వారికి విలువైనవి. నాణేలను, తపాలా బిళ్ళలను సేకరించేవారి ఆసక్తి వంటిదే ఇది.

ఈ సేకరణకు చట్టం ఇచ్చిన మినహాయింపు విచిత్రమైనది. కాలం చెల్లిన నమూనా, పురావస్తు విలువ గల ఆయుధం, శిథిలమైన ఆయుధం చట్ట పరిధిలోకి రావని 45వ సెక్షను చెబుతోంది. అయితే మరమ్మతు చేసినా సరే పేల్చడానికి వీలులేని స్థితిలో అది ఉండాలన్నది షరతు. అంటే తుప్పుపట్టి పాడైనదానికి మినహాయింపు లభిస్తుంది. తాతగారు నూనె రాసి, తుడిచి, భద్రంగా దాచినదానికి లైసెన్సు కావాలి. చరిత్రను కాపాడినవానికి చిక్కు, పాడుచేసినవానికి ఊరట అన్నమాట! నూరేళ్ళు దాటిన కళాఖండాలను, చారిత్రక వస్తువులను పురావస్తువులుగా గుర్తించి దేశం దాటిపోకుండా కాపాడాలని 1972 నాటి పురావస్తు చట్టం ఆశిస్తుండగా, అదే వయస్సు గల ఆయుధాన్ని మరో చట్టం అనుమానంతో చూడడం ప్రభుత్వ విధానంలోని వైరుధ్యానికి నిదర్శనం.

బోరు విషయం మరీ చిత్రమైనది. సైనిక తూటాలను పేల్చగల రివాల్వర్లు సామాన్యుల చేతికి రాకూడదన్న ఉద్దేశంతో .380, .455 తూటాలు పట్టేవాటిని 1962 నాటి నియమావళి నిషిద్ధ వర్గంలో చేర్చింది. ఆనాటికి ఆ తూటాలు అందుబాటులో ఉన్నందున అది సహేతుకమే. కాని మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెబ్లీ సరిగ్గా .455 బోరుదే. దీనిమీద లైసెన్సు లేకుండా పట్టుబడితే, 2019 సవరణ ప్రకారం నిషిద్ధ ఆయుధం కలిగి ఉన్నందుకు కనీస శిక్ష ఏడేళ్ళు, గరిష్ఠ శిక్ష పద్నాలుగేళ్ళు. మామూలు తుపాకీకి విధించేది రెండు నుంచి ఐదేళ్ళు మాత్రమే. తాత మరణించాక పెట్టె తెరిచి చూసిన మనవడు, మారణాయుధాలు రవాణా చేసే ముఠా సభ్యుడు ఒకే సెక్షను కింద నిలబడే ప్రమాదం ఉందన్నమాట. భయపడి పాత ఆయుధాన్ని యమునలో పారవేసేవాడు గాని, మరింత లోతుగా దాచేవాడు గాని తయారైతే, అటు చరిత్రకూ నష్టమే, ఇటు భద్రతకూ నష్టమే.

2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ ఈ కుటుంబాలను మరో విధంగానూ తాకింది. 1983 నుంచి ఒక వ్యక్తికి మూడు తుపాకుల వరకు అనుమతి ఉండగా, దానిని ఒకటికి తగ్గించాలని ముందు ప్రతిపాదించి, అభ్యంతరాలు వెల్లువెత్తడంతో చివరకు రెండుకు పరిమితం చేశారు. వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండింటిలోనే లెక్క. అదనంగా ఉన్నవాటిని ఏడాదిలోగా పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు గల వ్యాపారి వద్ద గాని అప్పగించాలని ఆదేశించారు. పెళ్ళి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్పులు జరిపేవారికి రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే నిబంధన కూడా ఆ సవరణలోనే చేరింది. ఢిల్లీ పరిసరాల్లో పెళ్ళిళ్ళలో తూటా తగిలి అమాయకులు బలైన ఉదంతాలు ఎన్నో ఉన్నందున ఈ చివరి నిబంధనను అందరూ హర్షించారు. కాని వరుని చేతిలో పేలే తుపాకీ, గోడకు వేలాడే తుపాకీ ఒకటి కావన్న విచక్షణ సవరణలో లోపించింది. అప్పగించిన పాత ఆయుధాలలో ఏది చారిత్రకమైనదో నిర్ణయించే నిపుణుడు ఠాణాలో ఉండడన్నది వేరే చెప్పనక్కరలేదు.

ఇక నకలు తుపాకుల సంగతి. నోయిడాలో ఫిల్మ్ సిటీ ఏర్పడిన తర్వాత, టెలివిజన్, వెబ్ ధారావాహికల నిర్మాణం పెరిగిన తర్వాత, తెరమీది ఆయుధాలకు గిరాకీ పెరగడం సహజం. తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త ముచ్చట కాదు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ నటించిన మోసగాళ్ళకు మోసగాడు చిత్రంతో నడుముకు రివాల్వరు కట్టిన గుర్రపు వీరుడు తెలుగు తెరమీద నిలదొక్కుకున్నాడు. నేడు మంట, పొగ, చప్పుడు కంప్యూటరులో చేర్చుకునే వీలుండడంతో, చేతిలో ఉండవలసింది ఆకారం మాత్రమే. గొట్టం మూసి ఉన్న, గదులకు ఆరపార రంధ్రం లేని నమూనా చాలు.

అయినా నకలులో రెండు రకాలున్నాయన్నది గమనార్హం. పాత నమూనాను అనుసరించి కొత్తగా చేసినా, నిజంగా పేల్చగలిగేది ఒకటి. ఆకారం తప్ప మరేమీ లేనిది రెండవది. 2021 అక్టోబరు 21న అమెరికాలోని న్యూమెక్సికోలో రస్ట్ చిత్రీకరణలో ఛాయాగ్రాహకురాలు హెలీనా హచిన్స్‌ను బలిగొన్న రివాల్వరు ఇటలీలో తయారైన కోల్ట్ నకలే. పేల్చగలిగే నకలులోకి అసలు తూటా ఎలాగో చేరింది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో న్యాయస్థానం 18 నెలల జైలు శిక్ష విధించింది. అంతకు 28 ఏళ్ళ ముందు, 1993లో, నటుడు బ్రాండన్ లీ కూడా చిత్రీకరణలోనే తూటా ముక్క తగిలి మరణించాడు. ఈ రెండు మరణాలకూ కారణం పేల్చగల తుపాకీని కేవలం ఆటవస్తువుగా భావించడమే.

పేల్చలేని నకలుతో వచ్చే ప్రమాదం వేరు. బొమ్మ తుపాకీ చూపి దోపిడీ చేసినవారిని పట్టుకున్నట్లు ఢిల్లీ పోలీసులు తరచు ప్రకటిస్తూనే ఉంటారు. కణతకు ఆనించినది బొమ్మ అని తెలుసుకునే తీరిక బాధితునికి ఉండదు. ఎదురుగా ఉన్న పోలీసుకూ ఉండదు. 2014లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీ పట్టుకున్న పన్నెండేళ్ళ బాలుడు టమీర్ రైస్ పోలీసు కాల్పుల్లో మరణించిన దారుణం ఇందుకు తార్కాణం. కనుక నకళ్ళను పట్టించుకోనక్కరలేదన్న వాదన చెల్లదు. నకలును పేల్చగల ఆయుధంగా మార్చడం మన చట్టంలోని 6వ సెక్షను కింద లైసెన్సు లేనిదే కూడదు. ఆ జాగ్రత్త అవసరమే.

ఈ చిక్కును ఇతర దేశాలు తమ తమ పద్ధతుల్లో పరిష్కరించుకున్నాయి. జపాన్ 1971లో లోహపు నమూనా పిస్తోళ్ళ గొట్టాలు మూసివేయాలని, వాటికి తెలుపు లేదా పసుపు రంగు వేయాలని నిర్దేశించింది. అమెరికా 1988 నాటి చట్టంతో బొమ్మ తుపాకుల కొనకు నారింజ రంగు గుర్తు తప్పనిసరి చేసింది. బ్రిటన్ 2006 నాటి చట్టంతో అసలును పోలిన నకళ్ళ అమ్మకాన్ని నిషేధిస్తూనే, సినిమాలకు, నాటకాలకు, మ్యూజియాలకు మినహాయింపునిచ్చింది. పాత ఆయుధాలను శాశ్వతంగా నిర్వీర్యం చేసి, పరీక్షించి, ముద్ర వేసి ఇచ్చే పద్ధతిని ఆ దేశం 1988లోనే చట్టబద్ధం చేసింది. పురాతన ఆయుధాలకిచ్చిన వెసులుబాటును నేరస్థులు దుర్వినియోగం చేస్తున్నారని గ్రహించి 2021లో నిర్వచనాన్ని బిగించింది కూడా. పాత రివాల్వర్లకు చేతితో తూటాలు తయారుచేసుకున్న ముఠాలే అందుకు కారణం. సేకరణకు తలుపు తెరవాలి గాని, గడియ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నది ఆ అనుభవం నేర్పే పాఠం.

ఇందులో ఆర్థిక కోణమూ ఉంది. ఇటలీలో బ్రెషియా సమీపంలోని గార్డోనే లోయ పాత అమెరికన్ రివాల్వర్ల నకళ్ళతో ఒక పరిశ్రమనే నిర్మించుకుంది. ఉబెర్టీ సంస్థ 1959లో అక్కడ మొదలైనదే. మన దేశపు పనివారు చేసిన పాత నమూనా తుపాకులు చారిత్రక ఘట్టాల పునఃప్రదర్శనల కోసం విదేశాలకు ఎగుమతి అవుతున్నాయి. నిప్పురవ్వ ప్రవేశించే రంధ్రం తొలచకుండానే వాటిని పంపడం పరిపాటి. పనితనం మనకు కొత్త కాదనడానికి ఇది చాలు. 2020లో వెబ్లీ సంస్థ ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో .32 రివాల్వర్ల తయారీకి పూనుకోవడం మరో పరిణామం. పేల్చే ఆయుధాల తయారీకి ప్రైవేటు సంస్థలను ఆహ్వానించిన ప్రభుత్వం, పేల్చలేని నకళ్ళు చేసే చిన్న పనివారికి స్పష్టమైన మార్గం చూపకపోవడం శోచనీయం. మార్గం స్పష్టంగా లేనిచోట నిజాయితీపరుడు వెనుకంజ వేస్తాడు. దొంగచాటు పనివాడు ముందుకు వస్తాడు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో నాటు తుపాకుల తయారీ ఎంత వేళ్ళూనుకున్నదో అందరికీ తెలిసిందే. 2023లో సుప్రీంకోర్టు ఆ రాష్ట్రంలో లైసెన్సు లేని ఆయుధాల బెడదను తనంత తానుగా విచారణకు స్వీకరించింది. పోలీసుల కాలం, శక్తి వెచ్చించవలసింది అక్కడ.

ప్రభుత్వం చేయవలసిన పనులు మూడు. పాత ఆయుధాన్ని స్వచ్ఛందంగా ప్రకటించేవారికి గడువు ఇచ్చి, పురావస్తు నిపుణుడు, ఆయుధ నిపుణుడు కలిసి పరిశీలించే ఏర్పాటు చేయడం మొదటిది. విలువైనది మ్యూజియానికి చేరాలి, లేదా శాశ్వతంగా నిర్వీర్యం చేసి, ముద్ర వేసి, ధ్రువపత్రంతో ఆ కుటుంబానికే తిరిగి దక్కాలి. నకళ్ళ తయారీదారులను నమోదు చేసి, ప్రతి నకలుకు చెరగని గుర్తు, సంఖ్య, కొనుగోలుదారు వివరాలు ఉండేలా చూడడం రెండవది. చిత్రీకరణ స్థలంలో పేల్చగల ఆయుధాన్ని వాడవలసి వస్తే శిక్షణ పొందిన బాధ్యుని సమక్షంలోనే అది జరగాలన్నది మూడవది. ఢిల్లీ, హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ ప్రభుత్వాల పరిధులు కలిసే జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ నిబంధనలు ఏకరూపంగా ఉండకపోతే ప్రయోజనం శూన్యం. గురుగ్రామ్‌లో కొన్న నకలు ఘజియాబాద్ చేరడానికి గంట చాలు.

ఇంతటి సడలింపు ప్రమాదకరమని వాదించేవారు లేకపోలేదు. వారి భయం నిరాధారం కాదు. కాని ఇక్కడ కోరుతున్నది సడలింపు కాదు, వర్గీకరణ. పెట్టెలోని రివాల్వరు వెలుగులోకి వచ్చి లెక్కకెక్కితే ప్రభుత్వానికి తెలిసిన ఆయుధాల సంఖ్య పెరుగుతుందే గాని, వీధిలో తిరిగే ఆయుధాల సంఖ్య పెరగదు. చట్టాన్ని చూసి దాక్కోవలసింది నేరస్థుడు. తాత జ్ఞాపకాన్ని దాచుకున్న మనవడు, కొయ్యకు రంగు వేసి పొట్ట పోసుకునే పనివాడు కూడా దాక్కోవలసి వస్తోందంటే, సరిదిద్దవలసింది వారిని కాదు.