చావులు లెక్కకొచ్చే దాకా ఆగాల్నా?

ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి ఊర్ల నడుమ నుంచే పోతుంది. పాశమైలారంలో షిఫ్టు దిగిన కార్మికుడు, కాలేజీకి పోయే పిల్లలు, ముంబై లారీలు అందరికీ అదే తొవ్వ.

ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్‌లో ఒక్కటే మాట: అతివేగం, అజాగ్రత్త. డ్రైవర్‌పై కేసుతో కథ ముగుస్తుంది. అక్కడ దీపం వెలుగుతున్నదా? బస్టాపు ఎక్కడ పెట్టారు? మనిషి దాటడానికి దారి వదిలారా? అడిగే నాథుడు లేడు.

2022లో దేశంలో 1,68,491 మంది రోడ్లపై చనిపోయారు. వారిలో నూటికి 64 మంది ద్విచక్ర వాహనదారులు, పాదచారులే. కార్ల దేశాల సూత్రాలు మన రోడ్లకు అతకవని, ఇక్కడి పరిశోధన ఇక్కడే జరగాలని ఢిల్లీ ఐఐటీ ప్రొఫెసర్ దినేశ్ మోహన్ దశాబ్దాల పాటు మొత్తుకున్నది ఇందుకే.

మన దగ్గర చదువు లేదా? 2015 నుంచి కందిలో ఇదే రహదారి పక్కన ఐఐటీ ఉన్నది. డ్రైవర్ లేని బండ్ల ప్రయోగ కేంద్రం ‘టిహాన్’ 2022లో అక్కడే మొదలైంది. సంతోషమే. బండికి తొవ్వ చూపే ఆ తెలివి గేటు బయట నడిచే మనిషికి ఎందుకు అక్కరకు రాదు?

500 మీటర్ల లోపు మూడేండ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలో, పది మరణాలో జరిగితేనే కేంద్రం లెక్కలో ‘బ్లాక్ స్పాట్’. అంటే ముందు మనుషులు చావాలి, ఆ తర్వాతే మరమ్మతు! రోడ్డు డిజైన్ లోపంతో ప్రాణం పోతే కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 198ఎ సెక్షన్ చెబుతున్నది. లోపాన్ని కొలిచి రుజువు చేసేవాళ్లు జిల్లాలో లేకుంటే ఆ సెక్షన్ కాగితానికే పరిమితం.

అందుకే మేము అడుగుతున్నది ఫ్లెక్సీలు, వారోత్సవాలు కాదు. జిల్లాకు సొంత రోడ్డు భద్రతా బృందం కావాలి. ఐఐటీ, సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ విద్యార్థులు, ఆర్‌అండ్‌బీ ఇంజనీర్లు, ట్రాఫిక్ పోలీసులు, 108 సిబ్బంది, లారీ, ఆటో డ్రైవర్లు, కార్మిక సంఘాలు అందులో ఉండాలి. ప్రతి మరణం జరిగిన చోటికీ పోయి కొలతలు తీయాలి. రాత్రిపూట రోడ్డు వెంట నడిచి చూడాలి. నివేదికను ఊరి ముందు పెట్టాలి. శిక్షణ, జీతం సర్కారు ఇవ్వాలి. అధికారి బదిలీ అయినా అనుభవం జిల్లాలోనే మిగలాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఈ రోడ్డు మీద పోతున్నది మన ప్రాణం. దాని లెక్క మనమే తీద్దాం, జవాబు మనమే అడుగుదాం.