మన ఇల్లు: షవరు పంపు పెట్టించే ముందు

‘నీ, వా’ అని స్వామి పిలిస్తే వచ్చింది కనుక మన నదికి నీవా అని పేరు కలిగినదని తిరువలంలో పెద్దలు చెబుతారు. మిద్దె మీది టాంకులో నీళ్లు మాత్రం పిలిస్తే రావు. ఎత్తును బట్టి వస్తాయి. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. ఒంటి మిద్దె ఇంటిలో టాంకు అడుగుకూ షవరుకూ మధ్య రెండు మీటర్లు ఉండడమే గొప్ప. అనగా ఒత్తిడి కిలోలో అయిదవ వంతు. షవరు సన్నగా కారడంలో వింత లేదు. అందుకే చాలామంది చిన్న పంపు పెట్టించాలని చూస్తారు.

కొనక ముందు పది లీటర్ల బకెట్టు షవరు కింద పెట్టి గడియారం చూడండి. నిమిషంలో నిండితే పంపు అక్కరలేదు. రెండు మూడు నిమిషాలు పడితే మొదట షవరు జల్లెడ విప్పండి. మన వేలూరు, గుడియాత్తం ప్రాంతపు బోరు నీటిలో ఉప్పు హెచ్చు. తెల్లని పెచ్చు కట్టి కన్నాలు పూడిపోతాయి. రాత్రంతా నిమ్మరసంలో నానవేసి తోమితే వదులుతుంది. పిమ్మట పైపు చూడండి. టాంకు నుండి అరంగుళం పైపే వస్తూ ఉంటే దానిని అంగుళానికి మార్పించడం మేలు. పంపు పెట్టినా నీరు ఆ సందులోనుంచే రావలె గదా!

పంచాయతీ గొట్టానికి నేరుగా పంపు తగిలించడం తగదు. అది పొరుగువారి నీళ్లు లాగివేయడమే కాక, గొట్టం పగిలిన చోట మురుగును కూడా పీల్చుకొంటుంది.

ఇక కరెంటు సంగతి. ‘ఫ్యూజు ఉన్నది, భయమేమి?’ అంటారు. 16 ఆంపియర్ల ఫ్యూజు తీగలు కాలిపోకుండా ఇంటిని కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంటి గుండా 30 మిల్లీ ఆంపియర్లకు మించి కొద్ది క్షణాలు పారినా ప్రాణం మీదికి రావచ్చు. 16 ఆంపియర్లంటే అందుకు అయిదు వందల రెట్లకు పైమాటే. ఒళ్లు తడిసి ఉంటే అపాయం మరీ ఎక్కువ.

దీనికి రక్షణలు రెండు, రెండూ ఉండవలె. మొదటిది ఎర్తు. పూర్వం ఇనుప నీటి గొట్టానికే ఎర్తు తీగ చుట్టేవారు. ఇప్పుడు గొట్టాలు ప్లాస్టిక్కువి. వాటి గుండా కరెంటు భూమిలోనికి పోదు. ప్లగ్గులో మూడవ కన్నం ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నదని నమ్మరాదు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత మీటరు పెట్టి చూపించండి. ఏటి ఒడ్డు ఇసుక నేల వేసవిలో ఎండితే ఎర్తు బలం తగ్గుతుంది. ఎర్తు గుంటలో నీళ్లు పోయిస్తూ ఉండవలె.

రెండవది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అది జమాఖర్చులు సరిచూచే గుమాస్తా వంటిది. వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సరిపోకపోతే రెప్పపాటులో లైను తెంచివేస్తుంది.

పంపును స్నానాల గదిలో పెట్టకండి. టాంకు పక్కన చిన్న గట్టు మీద, వాన తగలకుండా, టాంకు అడుగుకన్న కిందుగా ఉంచితే నీరు దానంతట అదే పంపులోనికి దిగుతుంది. స్విచ్చి గది వెలుపల ఉండవలె. తీగకు నడుమ అతుకు పనికిరాదు. ఒక షవరుకు అర అశ్వశక్తి మించనక్కరలేదు.

ఆర్.సి.సి.బి. మీద పరీక్షకని చిన్న మీట ఉంటుంది. నెలనెలా మన పత్రిక వచ్చిన రోజున దానిని నొక్కి చూడండి. లైను తెగకపోతే, బాగుచేయించే దాకా బకెట్టు స్నానమే క్షేమం.