పలక ఎవరి చేతికి?

లాల్‌దర్వాజాలో మా మేనత్త ఇంటికి వెళ్తే ముందు మంచినీళ్లు, తర్వాత చాయ్, ఆ తర్వాత ఏదో ఒక పంచాయితీ. ఈసారి పంచాయితీ డబ్బు గురించి. బావ కట్టిన చిట్టీ చేతికొచ్చింది. అందులోంచి 22 వేలు పక్కన పెట్టి పెద్దపిల్ల చదువుకు పనికొచ్చేది ఏదైనా కొందామనుకున్నారు.

‘‘మామా, టాబ్ తీస్కోవాల్నా, లాప్‌టాప్ తీస్కోవాల్నా?’’ అంది మేనకోడలు. డిగ్రీలో కొత్తగా చేరింది. బీకాం కంప్యూటర్స్.

నేను వెంటనే నోరు విప్పలేదు. కారణముంది. 2020లో ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద కూర్చుని, ఇదే ప్రశ్నకు చిటికెలో జవాబు చెప్పిన ఘనుణ్ని నేను.

ఆ సంవత్సరం మీకూ గుర్తుండే ఉంటుంది. బడులు మూసేశారు. సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో టీవీ పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల పిల్లలకేమో ఫోన్లో తరగతులు. మా అత్త ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మంచి ఫోను. చదివే పిల్లలిద్దరు. ఎనిమిదో తరగతి అక్కకూ, అయిదో తరగతి తమ్ముడికీ పొద్దున తొమ్మిదింటికే క్లాసు. పైగా ఆ ఫోను బావది. పత్తర్‌గట్టిలో తను పనిచేసే బట్టల దుకాణం మళ్లీ తెరవగానే ఫోనూ ఆయన జేబులోనే వెళ్లిపోయేది. ఆర్నెల్ల పాటు సగం జీతంతో నెట్టుకొచ్చిన మనిషి ‘‘ఏం చేద్దాం బామ్మర్దీ?’’ అని అడిగితే, ‘‘ఏముంది బావా, ఓ టాబ్ కొనెయ్. ఫోను కంటే పెద్దది, లాప్‌టాప్ కంటే చవక’’ అన్నాను. అప్పు చేసి తొమ్మిది వేలకు కొన్నాడు.

క్లాసు వినడం వరకూ అది బాగానే పనికొచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. టీచరు బోర్డు మీద రాసింది పిల్లకు కళ్లు చికిలించకుండా కనపడింది. చిక్కు మొదలైంది తను తిరిగి ఏమైనా రాయాల్సి వచ్చినప్పుడే. తెర మీద అక్షరాల పలక పైకి లేస్తే సగం తెర దానికే సరి. ఓ పేరా కొట్టేలోపు వేళ్లు నొప్పి. ఇంటర్ కొచ్చాక ప్రాజెక్టు పని పడింది. దరఖాస్తులొచ్చాయి... ఫొటో ఇన్ని కేబీలకు మించకూడదు, సంతకం ఇంకో సైజులో ఉండాలి. ప్రతిసారీ గల్లీ చివరి నెట్ సెంటర్‌కు పోవడం, వరసలో నిలబడటం, డబ్బులిచ్చి చేయించుకోవడం. ఇంట్లో టాబ్ ఉండి కూడా! ఆ టాబ్ కొనమన్న మామ మాత్రం ఆఫీసులో కీబోర్డు ముందు కూర్చుని వ్యాసాలు రాసుకుంటున్నాడు.

అందుకే ఈసారి ఆలోచించుకోవడానికి కొంచెం టైమడిగాను.

నిజానికి ఈ వస్తువు ఎవరి కోసం పుట్టిందన్నది పెద్దపెద్ద వాళ్లకే తేలని లెక్క. 2001లో బిల్ గేట్స్ టాబ్లెట్ పీసీని చూపించి, అయిదేళ్లలో అమెరికాలో అందరికంటే ఎక్కువగా అమ్ముడయ్యే పీసీ ఇదేనని జోస్యం చెప్పాడు. అవి 2002లో బజారుకొచ్చాయి. పెన్నుతో రాయొచ్చు, విండోస్ మొత్తం ఉంటుంది. కానీ బరువు, ధర రెండూ ఎక్కువే. జోస్యం ఫలించలేదు. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను పరిచయం చేశాడు. ఆ రోజు వేదిక మీద ఓ సోఫా కుర్చీ వేయించుకుని, అందులో వెనక్కి వాలి, ఒళ్లో పెట్టుకుని చూపించాడు. నాకైతే ఆ కుర్చీలోనే అసలు సంగతి ఉందనిపిస్తుంది. బల్ల ముందు కూర్చుని పనిచేసే మనిషిని కాదు, కాళ్లు బార్లా చాపుకుని చూసే మనిషిని ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో అమ్మకాలు మొదలైన తొలిరోజే అమెరికాలో మూడు లక్షలు అమ్ముడయ్యాయి. ఆ వేడి 2014 దాకా నడిచింది. ఆ తర్వాత ఫోన్లే అరచేతిని మించి పెరిగిపోవడంతో కొన్నేళ్లపాటు టాబ్లెట్ల అమ్మకాలు తగ్గుతూ వచ్చాయి. మళ్లీ లేచింది 2020లో... మా బావలాంటి వాళ్లు ప్రపంచమంతా ఒకేసారి దుకాణాలకు పరుగెత్తినప్పుడు.

మధ్యలో మన దేశపు ముచ్చట ఒకటుంది. దానికి మన ఊరితో చుట్టరికం కూడా ఉంది. ‘ఆకాశ్’ గుర్తుందా? 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కపిల్ సిబల్ విడుదల చేశారు. ప్రభుత్వం కొన్న ధర 2,276 రూపాయలు, విద్యార్థులకిచ్చే ధర 1,750. ప్రపంచంలోనే చవకైన టాబ్లెట్ అని పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. ఆ తొలి విడతను తయారుచేసిన డేటావిండ్ కంపెనీ వాటిని కూర్పించింది మన హైదరాబాద్‌లోనే. విచిత్రమేమిటంటే, అమెరికా తేదీ ప్రకారం స్టీవ్ జాబ్స్ చనిపోయిందీ ఆ రోజే.

ధర చూసి మురిసిపోయినవాళ్లకు చేతిలోకి తీసుకున్నాక సంగతి తెలిసింది. ఏడంగుళాల తెర వేలు తాకిస్తే పలికేది కాదు, గట్టిగా నొక్కాలి. లోపల పైపొర కిందికి వంగి కింది పొరకు తగిలితేనే పని జరిగే రకం అది. బ్యాటరీ మూడు గంటలు. ర్యామ్ 256 ఎంబీ. 2012 నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో తెర మారింది, వేగం పెరిగింది. కానీ ఇంటింటికీ చేరుతుందన్న పలక ఇంటింటికీ చేరలేదు.

ఇంకో లోటు మనలాంటి వాళ్లకే తెలుసు. తొలి ఆకాశ్‌లో ఉన్నది ఆండ్రాయిడ్ 2.2. దానికి తెలుగు రాదు! తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు వరసగా ఖాళీ డబ్బాలు. ఆ రోజుల్లో ఒపెరా మినీ అనే బ్రౌజర్‌లో ఓ సెట్టింగ్ మారిస్తే అక్షరాలు బొమ్మల్లా దిగేవి. ఆ కిటుకు ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవాళ్లం. ఖరీదైనవాటికీ మన అక్షరంతో తంటా తప్పలేదులెండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక రకంగా టైపు చేసి పంపితే ఐఫోన్లు, ఐప్యాడ్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా దిద్దుబాటు పంపాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ బాధలు తీరాయి. తెలుగు చదవొచ్చు, రాయొచ్చు, నోటితో చెప్పినా రాసుకుంటుంది.

ఆకాశ్ తర్వాత కూడా పిల్లలకు టాబ్లెట్లివ్వాలన్న ఆలోచన ఆగలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు పంపిణీ మొదలైంది. నాలుగున్నర లక్షల పైచిలుకు పిల్లలకు, వాళ్ల టీచర్లకు ఇచ్చారు. అందులో నింపి ఇచ్చిందీ ప్రధానంగా వీడియో పాఠాలే. అంటే మళ్లీ చూసే పనే.

సాయంత్రం అత్తకు గాజులు కావాలంటే అందరం శాలిబండ మీదుగా చార్మినార్ దాకా నడిచాం. లాడ్‌బజార్‌లో మేం కూర్చున్న దుకాణంలో గల్లా పక్కన ఓ టాబ్ నిలబెట్టి ఉంది. దుకాణదారు గాజుల పెట్టెలు దించనే లేదు. తెర మీద రంగులు, రాళ్ల వరసలు వేలితో జరుపుతూ చూపించాడు. అత్త ‘ఆగు, ఆగు’ అన్నచోట రెండు వేళ్లతో పెద్దది చేశాడు. నచ్చిన రెండు పెట్టెలే కిందికి దిగాయి. మధ్యలో జెద్దా నుంచి ఎవరో పెళ్లివారి వీడియో కాల్ వస్తే, అదే టాబ్‌ను దుకాణమంతా తిప్పి చూపించాడు. లక్క గాజుల బేరానికి ఇంతకంటే నప్పే పనిముట్టు ఉండదనిపించింది. బేరం కుదిరాక మాత్రం బల్ల కిందనుంచి పాత బిల్లు పుస్తకం తీసి, కార్బన్ పెట్టి, పెన్నుతో రాశాడు.

‘‘ఇందులోనే రాయొచ్చు కదా భాయ్?’’ అన్నాను.

‘‘రాయొచ్చు సాబ్. ఇందులో ఒకటి రాసేలోపు అందులో నాలుగు రాస్తా’’ అని నవ్వాడు.

మేనకోడలు నావైపు చూసింది. తనకు అర్థమైపోయింది.

తిరుగు దారిలోనే లెక్క వేసుకున్నాం. బీకాం కంప్యూటర్స్ అంటే టాలీ, ఎక్సెల్. టాలీ విండోస్ కంప్యూటర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఆండ్రాయిడ్ టాబ్‌కు విడిగా కీబోర్డు కొని తగిలించినా టైపింగ్ కష్టం తగ్గుతుందే తప్ప టాలీ రాదు. ఎక్సెల్ యాప్ ఉంటుంది గానీ వేలితో గడులు పట్టుకుని నేర్చుకునే చదువు కాదది. 22 వేలకు కొత్త లాప్‌టాప్‌లో మంచిది దొరకడం కష్టం. కాబట్టి సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, కంపెనీలు వాడి వదిలేసినవాటిని బాగుచేసి అమ్మే చోట చూద్దామన్నాను. అయిదు సంగతులు కాగితం మీద రాసిచ్చాను. ర్యామ్ 8 జీబీ ఉండాలి. హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. విండోస్ 11 నడవాలి, ఎందుకంటే విండోస్ 10కు మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. బ్యాటరీని అక్కడే గంటసేపు నడిపి చూడాలి. వారంటీ రాసిచ్చిన బిల్లు లేకపోతే లేచి వచ్చేయాలి.

‘‘మరి 2020లో నువ్వు కొనిపించింది?’’ అన్నాడు బావ, ఓరకంట చూస్తూ. నాకు దొరకాల్సిన చురక దొరికింది.

అది ఎక్కడుందో ఇంటికెళ్లాక తెలిసింది. అత్త దిండు కింద! ఓ మూల అద్దం పగిలి, పిల్లలు అంటించిన స్టిక్కర్లతో ఉంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి పేపర్ అందులోనే పెద్ద అక్షరాలు చేసుకుని చదువుతోందట. డాలస్‌లో ఉన్న చిన్న కొడుకుతో మాట్లాడేదీ అందులోనే. ‘‘ఫోన్ల వాని మొఖం ఇంతనే కనబడ్తది బిడ్డా. దీంట్ల మనవరాలి పండ్లు గూడ లెక్కవెట్టొచ్చు’’ అంది.

‘‘అయితే ఇక అది నీదే అత్తా’’ అన్నాను.

‘‘నాదేనా? మల్ల వీనికి చెప్పు’’ అని మనవణ్ని చూపించింది. పదో తరగతి చదివే తమ్ముడు గడప దగ్గర మొహం ముడుచుకుని కూర్చున్నాడు. అక్కకు లాప్‌టాప్, నాయనమ్మకు టాబ్, తనకేంటని వాడి పంచాయితీ.