మే నెలలో కాలేజీ తలుపులు తెరవండి

పుదుచ్చేరి

గౌరవనీయులైన పుదుచ్చేరి–కడలూరు అగ్రపీఠాధిపతి గారికి, అగ్రపీఠం ఆధ్వర్యంలోని విద్యాసంస్థల బాధ్యులకు

ప్రతులు: ఉపకులపతి గారు, పాండిచ్చేరి విశ్వవిద్యాలయం, కాలాపేట, సంచాలకులు, పాఠశాల విద్యాశాఖ, పుదుచ్చేరి ప్రభుత్వం

విషయం: పదో తరగతి, ప్లస్ వన్ పూర్తిచేసిన పిల్లలకు వేసవి సెలవుల్లో కాలేజీ స్థాయి కోర్సులు మొదలుపెట్టవలసిందిగా వినతి.

అయ్యా,

మేము పుదుచ్చేరి పట్టణంలో కాపురముంటున్న తెలుగు తల్లిదండ్రులం. మాలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఇక్కడివే. ఆ ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. మిగిలినవాళ్లం ఉద్యోగాల కోసమో పిల్లల చదువుల కోసమో యానాం నుంచి వచ్చినవాళ్లం. మాలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లిములున్నారు. పార్టీల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఏ డిగ్రీ చదవాలో తేల్చుకునేలోపు మా పిల్లలు కొన్ని రోజులైనా కాలేజీ క్లాసులో కూర్చోవాలి.

ఇప్పుడు ఆ తేల్చుకోవడం ఎక్కడ జరుగుతోందో తమకు తెలియనిది కాదు. ప్లస్ టూ ఫలితాలు రాగానే కాలేజీ ప్రవేశాల సంస్థ సెంటాక్ దరఖాస్తు నింపడానికి పిల్లను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్తాం. ముందు ఇద్దరుంటారు, వెనక నలుగురు నిలబడి ఉంటారు. కీబోర్డు మీదనుంచి తలెత్తకుండానే అక్కడి కుర్రాడు అడుగుతాడు: "బీఎస్సీ పెట్టనా, బీపీటీ పెట్టనా?" పిల్ల మా మొహం చూస్తుంది. మాకూ తెలియదు. పక్కింటి అమ్మాయి నిరుడు ఏది పెట్టిందో గుర్తు తెచ్చుకుని అదే పెట్టించి, ప్రింటు తీసుకుని, డబ్బులిచ్చి బయటపడతాం. మూడు నాలుగేళ్ల చదువు, ఆ తర్వాతి బతుకు ఆ కుర్చీలో ఖాయమైపోతున్నాయి.

యానాంలో ఇంకో తంతు. పదో తరగతి పరీక్షలు ఇంకా కాకముందే చుట్టుపక్కల ఊళ్ల కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు గుమ్మంలో ఉంటారు. ఎంపీసీ, బైపీసీ తప్ప వాళ్ల దగ్గర మూడోది ఉండదు. చరిత్ర, భాషాశాస్త్రం, సముద్రశాస్త్రం, మొక్కల శాస్త్రం అనే చదువులు ఉన్నాయని ఆ పిల్లలకు చెప్పే మనిషే కరువు.

ఈ విన్నపం తమ దగ్గరికే ఎందుకు తెచ్చామంటే, ఈ ఊళ్లో చదువు చెప్పడం తమ సంస్థలకు కొత్త కాదు. క్లూనీ సెయింట్ జోసెఫ్ మఠకన్యలు 1827లో ఈ ఊరు వచ్చారు. పెతీ సెమినేర్ బడి 1844లో మొదలైంది. మా తాతల్లో ఆ బడి బెంచీల మీద కూర్చున్నవాళ్లున్నారు. పట్టణంలో క్రైస్తవ విశ్వవిద్యాలయం లేదు కానీ, బస్సెక్కితే గంటలో చేరే కడలూరులో అగ్రపీఠం వారి సెయింట్ జోసెఫ్స్ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. ఏప్రిల్‌లో సెమిస్టర్ పరీక్షలు ముగిశాక కాలేజీలు దాదాపు ఖాళీ. ల్యాబుల్లో మైక్రోస్కోపుల మీద గుడ్డ కప్పి ఉంటుంది, హాస్టల్లో పరుపులు చుట్టిపెట్టి ఉంటాయి. సరిగ్గా అప్పుడే మా పిల్లలు ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఖాళీగా ఉన్న గదులనూ, ఊసుపోని పిల్లలనూ ఒకచోట చేర్చమని అడుగుతున్నాం.

ఇది ఎక్కడా జరగని వింత కాదు. అమెరికాలో 1789లో మొదలైన జెసూట్ సంస్థ జార్జ్‌టౌన్, హోలీ క్రాస్ సభవారి నోటర్ డామ్ వంటి క్రైస్తవ విశ్వవిద్యాలయాలు హైస్కూలు పిల్లలను వేసవిలో క్యాంపస్‌కు పిలిచి ప్రొఫెసర్లతోనే పాఠాలు చెప్పిస్తాయి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న మన బంధువుల పిల్లలు అలాంటి కోర్సులకు వెళ్లొచ్చి ఫొటోలు పంపుతుంటారు. అయితే అక్కడి ఫీజులు వేల డాలర్లలో ఉంటాయి, ఆ నమూనా మాకొద్దు. మన దగ్గరే ఇస్రో 2019 నుంచి యువిక పేరుతో తొమ్మిదో తరగతి పిల్లలను వేసవిలో పిలిచి, రానుపోను ఖర్చులు, వసతి తానే భరించి అంతరిక్ష శాస్త్రం పరిచయం చేస్తోంది. శ్రీహరికోట కూడా ఆ కేంద్రాల్లో ఒకటి. మేం కోరేది ఆ దారి.

మా కోరికల్లో మొదటిది, అన్నిటికన్నా పెద్దది: ఇది అడ్మిషన్ల వేట కాకూడదు. వేసవి శిబిరం అని పిలిచి, చివరిరోజు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ప్రాస్పెక్టస్ చేతిలో పెట్టి, "ఇప్పుడే సీటు బ్లాక్ చేసుకుంటే డిస్కౌంట్" అనే తతంగాలు చూసి విసిగిపోయాం. కోర్సుకు వచ్చిన పిల్లల ఫోన్ నంబర్లు అడ్మిషన్ విభాగానికి చేరకూడదు. చివర్లో పిల్ల "నాకు కెమిస్ట్రీ పడదు, నేను కామర్స్‌కు వెళ్తాను" అంటే దాన్ని కోర్సు ఫలితంగానే లెక్కవేయాలి. నచ్చని దాన్ని ముందే తెలుసుకోవడం కూడా లాభమే. ఇంకా చెప్పాలంటే మా జేబులకు అదే ఎక్కువ లాభం.

రెండోది పాఠాల సంగతి. ప్లస్ టూ సిలబస్‌నే నెల ముందు మొదలుపెట్టే పని అయితే దానికి ట్యూషన్లున్నాయి, తమరు శ్రమపడనక్కర్లేదు. ఈ ఊరే పెద్ద ప్రయోగశాల. 1980ల చివర్లో రేవు కట్టాక ఇసుక కదలిక ఆగి, ఉత్తరాన ఉన్న మా బీచ్ కోసుకుపోయింది. 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు సముద్రంలో కృత్రిమ దిబ్బ వేశాక సచివాలయం ఎదురుగా మళ్లీ ఇసుక పేరుకుంది. పిల్లలు రోజూ సాయంత్రం ఆ ఇసుక మీదే శనగలు తింటారు, అది ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. అలల దిశ, ఇసుక లెక్క, కట్టడం వల్ల ఒకచోట మేలు ఇంకోచోట నష్టం: భౌతికశాస్త్రం, ఇంజినీరింగు, అర్థశాస్త్రం కలిపి చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

భాషల విషయం చూడండి. తమ క్రైస్తవ గురువుల పరంపరలోనే గాస్టన్ కూర్దూ అనే జెసూట్ పాదిరి ఉన్నారు. కర్ణాటక మిషన్‌లో తెలుగు నేల మీద పనిచేసి, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చి, 1779లో ఈ పుదుచ్చేరిలోనే కన్నుమూశారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు ఇక్కడినుంచి ఉత్తరం రాశారు. అదే సంగతిని విలియం జోన్స్ కలకత్తాలో చెప్పింది 1786లో. పేరు మాత్రం జోన్స్‌కే దక్కింది, ఎందుకంటే కూర్దూ ఉత్తరం అచ్చు కావడానికి 1808 దాకా పట్టింది. ఈ కథ మా పిల్లలకు తెలియదు, నిజం చెప్పాలంటే మాలో చాలామందికి మొన్నటిదాకా తెలియదు. ఆనందరంగ పిళ్ళై ఏళ్ల తరబడి దినచర్య రాసుకున్న ఊరు ఇది, ఆయన తెలుగు కవులను ఆదరించిన మనిషి. 1955 నుంచి నడుస్తున్న ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌లో తాళపత్రాలున్నాయి, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలున్నాయి, పుప్పొడి రేణువుల మీద పరిశోధన ఉంది. తమరు ఒక మాట అడిగితే వారంలో ఒక పూట పిల్లలను లోపలికి రానిస్తారని మా ఆశ. పదహారేళ్ల పిల్ల ఒక తాటాకును చేతిలోకి తీసుకుని, గంటం గీత లోతును వేలితో తడిమి చూడటం వేరు, పుస్తకంలో దాని బొమ్మ చూడటం వేరు.

కాలం, గంటలు, క్రెడిట్ల గురించి. కోర్సు మే రెండో వారం తర్వాత మొదలుపెట్టాలి. అగ్ని నక్షత్రం ఎండలు తమకు తెలుసు, పాఠాలు ఉదయం ఎనిమిదికి మొదలై పన్నెండుకు ముగియాలి. మూడు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలంటే 60 గంటలు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్, కాబట్టి రెండు క్రెడిట్ల చదువు ఇది. ఆ విధానం బడి చదువులనూ కలుపుకుంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఉపకులపతి గారిని మేం కోరేది ఇక్కడే: ఈ రెండు క్రెడిట్లను పిల్లల పేరున అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమ చేయించి, తర్వాత తమ పరిధిలోని కాలేజీల్లో డిగ్రీకి చేరినప్పుడు లెక్కలోకి తీసుకునే దారి చూపాలి. కడలూరు కాలేజీ తమిళనాట ఉంది, మా పిల్లలు పుదుచ్చేరి వాళ్లు. రెండు ప్రభుత్వాల మధ్య కాగితం తిరగడానికి ఎన్నాళ్లు పడుతుందో మాకు అనుభవమే. అందుకే క్రెడిట్లు తేలేదాకా కోర్సు ఆపవద్దు. మొదటి ఏడాది వట్టి సర్టిఫికెట్ ఇచ్చినా సంతోషమే.

ప్రార్థన సంగతి దాచకుండా చెప్పడం మంచిది. తమ ప్రాంగణంలో ప్రార్థన ఉంటుంది, ఉండాలి కూడా. మాలోని క్రైస్తవ కుటుంబాలు దాన్ని కోరుకుంటాయి. కానీ రాజ్యాంగంలోని 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ ఆర్థిక సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలంటే సమ్మతి ఉండాలి, మైనరు విషయంలో సంరక్షకుల సమ్మతి. మా పిల్లలంతా మైనర్లే. దరఖాస్తు ఫారంలోనే ఒక గడి పెట్టి మా ఇష్టం అడగండి. వద్దన్న పిల్ల ఆ అరగంట లైబ్రరీలో కూర్చోవచ్చు. ఇదొక్కటి ముందే రాతలో ఉంటే, "అక్కడికి పంపితే మతం మార్చేస్తారట" అనే వీధి మాటలకు జవాబు మా చేతిలోనే ఉంటుంది. సంవత్సరాలుగా తమ బడుల్లో పిల్లలను చదివిస్తున్న మాకు ఆ భయం లేదు, కొత్తగా వచ్చే యానాం తల్లిదండ్రులకు ఉండొచ్చు.

యానాం పిల్లలకు ప్రత్యేకంగా కొంత అడగక తప్పదు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి గట్టున ఉన్నా అదీ ఈ ప్రాంతంలో భాగమే. కాకినాడ పోర్టు నుంచి పుదుచ్చేరికి వచ్చే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి ప్రయాణం కుదురుతుంది. టిక్కెట్టు ఖర్చు పాఠశాల విద్యాశాఖ భరించాలి. వసతి అగ్రపీఠం హాస్టళ్లలో. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా మహిళే ఉండాలి, రాత్రిపూట తల్లిదండ్రులు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి, పోక్సో చట్టం కింద ఫిర్యాదు ఎవరికి చేయాలో గోడ మీద రాసి ఉండాలి. పాఠం ఇంగ్లీషులో చెప్పినా ఫర్వాలేదు, మధ్యాహ్నం ఒక గంట తెలుగులో, ఒక గంట తమిళంలో సందేహాలు తీర్చే డిగ్రీ విద్యార్థులను పెట్టండి. పట్టణంలోని మా పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కాబట్టి అచ్చువేసిన తెలుగు నోట్సు కన్నా నోటితో చెప్పే మనిషే వాళ్లకు అవసరం.

ఫీజు. ప్రభుత్వ బడి పిల్లలకు పూర్తిగా ఉచితం కావాలి. 2023–24 నుంచి ఈ బడులను దశలవారీగా సీబీఎస్ఈలోకి మార్చారు. సిలబస్ ఒక్కసారిగా బరువెక్కింది, ట్యూషన్ పెట్టించలేని ఇళ్లలో పిల్లలు తడబడుతున్నారు. చోటు ఎక్కువగా దక్కాల్సింది వాళ్లకే, సగానికి తక్కువ కాకుండా. మార్కులతో వడపోయకండి, ఎందుకు రావాలనుకుంటున్నారో ఒక పేజీ రాయించి తీసుకోండి, ఏ భాషలో రాసినా సరే. మిగిలినవాళ్ల దగ్గర నామమాత్రపు రుసుము తీసుకుంటే అభ్యంతరం లేదు. భోజనం మాత్రం అందరికీ పెట్టాలి. ఫ్రెంచి పాలకులు 1930లోనే బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టిన ఊరు ఇది, ఆ మాత్రం ఆనవాయితీ నిలబెట్టమంటున్నాం.

మా వంతుగా: కూరగాయలు, బియ్యం పోగుచేసి ఇస్తాం, వంటకు మనుషులను పంపుతాం. యానాం నుంచి వచ్చే పిల్లలను స్టేషన్లో దించుకోవడం, తిరిగి రైలెక్కించడం మా పూచీ. మాలో బ్యాంకు, ఆసుపత్రి, విద్యుత్ శాఖ ఉద్యోగులున్నారు. తమ పని గురించి పిల్లలకు చెప్పడానికి వారానికి ఒకరు వస్తారు. మొదటి ఏడాది 40 మందితో మొదలుపెట్టినా చాలు.

కొత్త విద్యా సంవత్సరపు ప్రాస్పెక్టస్ అచ్చుకు వెళ్లేలోపు, అంటే జనవరి నెలాఖరుకు, మా ప్రతినిధులను ఒకసారి పిలిచి మాట్లాడవలసిందిగా కోరుతున్నాం. ఆ సమావేశానికి విశ్వవిద్యాలయం నుంచి ఒకరు, విద్యాశాఖ నుంచి ఒకరు వస్తే క్రెడిట్లు, రైలు ఖర్చుల సంగతి ఆ రోజే తేలిపోతుంది. కుదరదనుకున్న కోరిక ఏదైనా ఉంటే ఏది, ఎందుకో కాగితం మీద రాసి ఇవ్వండి. మిగిలినవాటితో ముందుకు వెళ్దాం.

ఇట్లు,
తమ విధేయులు,
పుదుచ్చేరి పట్టణ తెలుగు తల్లిదండ్రులు,
యానాం విద్యార్థుల సంరక్షకులు

(సంతకాలు వెనక పేజీల్లో)