డిష్‌వాషర్‌లో నీళ్లు వేడెక్కట్లేదా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఎవరిని అడగాలి, ఏం అడగాలి?

రాత్రి బోళ్లన్నీ డిష్‌వాషర్‌లో సర్ది, బటన్ నొక్కి పడుకున్నారు. పొద్దున తలుపు తీస్తే ప్లేట్ల మీద నూనె జిడ్డు అలాగే ఉంది. డిటర్జెంట్ బిళ్ల సగమే కరిగింది. లోపల ముట్టుకుంటే చల్లగా ఉంది. యంత్రం తిరుగుతోంది, నీళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. వేడి మాత్రం లేదు.

హైదరాబాద్‌లో అయితే ఒక ఫోన్ కొడితే మెకానిక్ వస్తాడు. మరి జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఉంటే?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎక్కువ మందికి ఎదురయ్యే అవకాశం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి డిష్‌వాషర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర రూ.40,000 అనుకుంటే, కొనేవారికి రూ.4,000 మిగిలినట్టే. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే చిన్న పట్టణానికి కూడా యంత్రం వచ్చేస్తోంది. కానీ పన్ను తగ్గినంత మాత్రాన మెకానిక్ దగ్గరకు రాడు.

అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. తప్పు ఎక్కడుంది? యంత్రంలోనా, ఇంట్లోకి వచ్చే కరెంటులోనా, నీళ్లలోనా? ఒక్కోదానికి అడగాల్సిన చోటు వేరు. తప్పు చోట అడిగితే డబ్బూ పోతుంది, వారంటీ గడువూ కరిగిపోతుంది.

నిజంగా వేడెక్కట్లేదని ఎలా తెలుసుకోవాలి?

ముందుగా ప్రోగ్రామ్ చూడండి. కడిగి వదిలేసే ‘రిన్స్’ ప్రోగ్రామ్‌లో చాలా యంత్రాలు నీళ్లను వేడి చేయవు. ‘ఎకో’లో తక్కువ వేడి చేస్తాయి. అందుకని 65 లేదా 70 డిగ్రీలు అని రాసి ఉన్న ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ పెట్టి పరీక్షించండి.

తర్వాత కరెంటు మీటరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అన్నీ కాసేపు ఆపి, డిష్‌వాషర్ ఒక్కటే నడపండి. మీటరు మీద చిన్న ఎర్రలైటు మిణుకుతుంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. అది 1600 అయితే, 2,000 వాట్ల హీటర్ పనిచేస్తున్నప్పుడు దాదాపు సెకనుకోసారి మిణుకుతుంది. హీటర్ పనిచేయకుండా 100 వాట్ల పంపు మాత్రమే తిరుగుతుంటే 22 సెకన్లకోసారి మిణుకుతుంది. ప్రోగ్రామ్ మొదలైన తర్వాత అరగంట గడిచినా లైటు వేగం పెరగలేదంటే హీటర్‌కు కరెంటు అందట్లేదు, లేదా హీటర్ పోయింది.

దీన్ని ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

కరెంటు తక్కువైతే ఏమవుతుంది?

మీటరు లైటు వేగంగానే మిణుకుతోంది, అయినా నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయా? అప్పుడు వోల్టేజీని అనుమానించాలి.

హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే వోల్టేజీ కొంచెం తగ్గినా వేడి బాగా తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే హీటర్, 180 వోల్టుల దగ్గర దాదాపు 1,225 వాట్లే ఇస్తుంది. గంటలో కావాల్సిన వేడికి గంటన్నర దాటుతుంది. కొన్ని మోడళ్లు నిర్ణీత సమయంలో నీళ్లు వేడెక్కకపోతే ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతాయి. అప్పుడు హీటర్ బాగానే ఉన్నా ‘హీటర్ పోయింది’ అని మార్చేసే ప్రమాదం ఉంది.

చెల్‌పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. అది భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. అయినా అదే జిల్లాలో ఒక వీధి చివరి ఇంటికి సాయంత్రం సరిపడా వోల్టేజీ రాకపోవచ్చు. ఎందుకంటే మీ ఇంటి వోల్టేజీని తేల్చేది విద్యుత్ కేంద్రం కాదు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద పడే లోడు, అక్కడి నుంచి మీ ఇంటికి ఉన్న తీగ పొడవు.

సింగిల్ ఫేజ్ ఇళ్లకు 230 వోల్టులు ఇవ్వాలి. 6 శాతం అటూఇటూ ఉండొచ్చు. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో గానీ, స్టెబిలైజర్ డిస్‌ప్లేలో గానీ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగ్ చూసి, టైము కనిపించేలా ఫొటో తీయండి.

పక్కింట్లో కూడా అడగండి. మీ ఇంట్లోనే తక్కువుంటే సర్వీసు వైరో, లోపలి వైరింగో వదులుగా ఉండొచ్చు. వీధంతా తక్కువుంటే ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చూడాలి.

విద్యుత్ ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ఈ మూడు జిల్లాలూ హనుమకొండ కేంద్రంగా ఉన్న ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే టీజీఎన్‌పీడీసీఎల్ పరిధిలో ఉన్నాయి. మొదటి మెట్టు 1912 నంబరు. ఫోన్ చేసి ‘లో వోల్టేజీ’ అని స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. లైన్‌మన్‌కు నోటిమాటగా చెప్పడం తప్పు కాదు గానీ, నంబరు లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టు ఆధారం ఉండదు.

పని కాకపోతే సెక్షన్ ఆఫీసులో ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడా తేలకపోతే సంస్థ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దాని నిర్ణయం నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఈ రెండు మెట్లనూ 2003 విద్యుత్ చట్టంలోని 42వ సెక్షన్ ఇచ్చింది. సేవా ప్రమాణాలు పాటించకపోతే పరిహారం చెల్లించాలని 57వ సెక్షన్ చెబుతోంది.

ఇక్కడ మన వంతు కూడా ఒకటుంది. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఒక కిలోవాట్ రాయించి, ఇప్పుడు గీజర్, ఏసీ, డిష్‌వాషర్ అన్నీ నడుపుతుంటే ఆ లోడు విద్యుత్ సంస్థ లెక్కలోకి రాదు. లెక్కలో లేని లోడుకు తగ్గట్టు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రాదు. అదనపు లోడు నమోదు చేయించుకుంటే మీ ఫిర్యాదుకూ బలం వస్తుంది.

నీళ్ల సంగతేంటి?

మంచినీళ్లు భగీరథ నల్లా నుంచి, వాడకానికి బోరు నీళ్లు. చాలా ఇళ్లలో ఏర్పాటు ఇదే. డిష్‌వాషర్‌కు ఏ పైపు ఇచ్చారో ఒకసారి చూడండి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటే, వేడి చేసిన కొద్దీ హీటర్ మీద తెల్లటి పొర కడుతుంది. ఆ పొర వేడిని నీళ్లలోకి పోనివ్వదు. లోపల హీటర్ మాత్రం మాడిపోతుంది.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. అంటే తాగడానికి అనుమతి ఉన్న నీళ్లు కూడా హీటర్‌ను పాడు చేయగలవు. నీళ్లు పరీక్ష చేయించి, వచ్చిన అంకెను బట్టి యంత్రంలోని సాఫ్ట్‌నర్ సెట్టింగ్ మార్చాలి. డిష్‌వాషర్ ఉప్పు అయిపోకుండా చూసుకోవాలి. వంటింటి ఉప్పు వేయొద్దు. అందులో కలిపే ఇతర పదార్థాలు సాఫ్ట్‌నర్‌ను దెబ్బతీస్తాయి.

ఇంకో సంగతి. లోపలికి నీళ్లు సరిపడా రాకపోతే చాలా యంత్రాలు హీటర్‌ను అసలు ఆన్ చేయవు. నీళ్లు లేకుండా హీటర్ కాలిపోకుండా పెట్టిన జాగ్రత్త అది. కాబట్టి నల్లా పూర్తిగా తిప్పి ఉందా, ఇన్‌లెట్ జాలీలో ఇసుక చేరిందా, అడుగున ఫిల్టర్ మూసుకుపోయిందా చూడండి. ఈ మూడింటికీ మెకానిక్ అక్కర్లేదు.

మెకానిక్ వస్తే ఏం అడగాలి?

కరెంటు, నీళ్లు రెండూ బాగుంటే తప్పు యంత్రంలోనే ఉంది. సాధారణంగా నాలుగు చోట్ల ఉంటుంది: హీటర్, వేడిని కొలిచే సెన్సర్, వైరు కనెక్షన్, బోర్డు మీది రిలే. 230 వోల్టుల మీద పనిచేసే 2,000 వాట్ల హీటర్ రెసిస్టెన్స్ సుమారు 26 ఓములు ఉంటుంది. ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. రీడింగ్ అసలు రాకపోతే హీటర్ తెగిపోయినట్టే.

దీన్ని మీరు సొంతంగా చేయొద్దు. నీళ్లు, కరెంటు కలిసిన యంత్రం ఇది. ప్రోగ్రామ్ మొదలవగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే హీటర్ నుంచి కరెంటు లీకవుతోందని అనుమానించి వాడకం ఆపేయండి. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ కనెక్షన్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

కొత్త మోడళ్లు కొన్నింటిలో హీటర్, నీళ్లు చిమ్మే పంపు ఒకే భాగంగా వస్తాయి. హీటర్ పోతే మొత్తం మార్చాల్సి వస్తుంది. బిల్లు పెరిగేది అక్కడే. అందుకే ఈ ఐదూ రాయించుకోండి:

- ఎర్రర్ కోడ్, కొలిచిన రీడింగ్
- మార్చాల్సిన భాగం పేరు, నంబరు, ధర
- భాగం ఎన్ని రోజుల్లో వస్తుంది
- కొత్త భాగానికి వారంటీ ఎంతకాలం
- తీసేసిన పాత భాగం మీకు ఇస్తారా

వారంటీ ఉన్నంతకాలం బయటి మెకానిక్‌తో విప్పించొద్దు. అలా చేస్తే వారంటీ చెల్లదని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది.

‘మీ ఏరియాకు సర్వీసు లేదు’ అంటే?

ఈ మూడు పట్టణాల పిన్‌కోడ్‌లూ వరంగల్‌లాగే 506తోనే మొదలవుతాయి. కానీ ఆ పిన్‌కోడ్‌కు ‘డెలివరీ ఉంది’ అని కనిపిస్తే, సర్వీసు కూడా ఉందని అర్థం కాదు. కొనేముందే కంపెనీ కస్టమర్ కేర్‌లో అడిగి, సమాధానం ఈమెయిల్‌లోనో చాట్‌లోనో తీసుకోండి.

ఇప్పటికే కొనేశారా? అమ్మేటప్పుడు చెప్పకుండా, ఇప్పుడు వారంటీలో సర్వీసు నిరాకరిస్తే అది సేవా లోపమని మీరు వాదించవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు ఇవ్వరు.

తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో చిన్న పట్టణాల వారికి పనికొచ్చే మార్పు ఒకటుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. వస్తువు ధర రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు వేయాలి.

ఒక జాగ్రత్త. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు బయ్యారం, గార్ల ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి, మహదేవ్‌పూర్, కాటారం కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. మీ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో దాఖలు చేసేముందు అడిగి తెలుసుకోండి.

విడిభాగం దొరకకపోతే?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి 1 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, ఒక డిష్‌వాషర్ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం ఏడేళ్లు హీటర్, సెన్సర్, బోర్డు వంటి భాగాలను మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలి. ఆర్డర్ చేసిన 15 పనిదినాల్లో పంపాలి.

మన దగ్గర కేంద్రం 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. గృహోపకరణాలు కూడా అందులో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ వస్తువులకు ‘రిపేరబిలిటీ ఇండెక్స్’ ఇవ్వాలన్న ప్రతిపాదనపై కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఎంత సులువుగా విప్పొచ్చు, విడిభాగాలు ఎంత త్వరగా దొరుకుతాయి, వాటి ధరెంత అనేవాటిని బట్టి మార్కులు ఇవ్వాలన్నది ఆలోచన. కానీ యూరప్‌లోలాగా ‘ఇన్నేళ్లు హీటర్ దొరకాల్సిందే’ అనే గడువు మనకు లేదు.

పెద్ద నగరంలో విడిభాగం లేకపోతే ఇంకో షాపు ఉంటుంది. జనగామ వాళ్లు రైలెక్కి సికింద్రాబాద్ పోయి రాగలరు. భూపాలపల్లికి ఆ రైలు కూడా లేదు. గడువు లేని చోట, దూరంగా ఉన్నవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పన్ను తగ్గించి యంత్రాన్ని ఊరికి చేర్చిన ప్రభుత్వం, దాని విడిభాగాన్ని కూడా చేర్చే నిబంధన తేవాలి.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నవి కాగితాలే. కొన్న బిల్లు, వారంటీ కార్డు, మీటరు వీడియో, వోల్టేజీ ఫొటోలు, 1912 ఫిర్యాదు నంబరు, మెకానిక్ జాబ్‌కార్డు. వీటిని ఫోన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ‘హీటర్ పోయింది, పది వేలవుతుంది’ అని ఎవరైనా అంటే, ముందు ఆ ఫోల్డర్ తెరిచి చూసి, తర్వాతే డబ్బు తీయండి.